డబుల్ రైఫిల్ తూటాలు విడిపోతుంటే గొట్టాల జోలికి వెళ్లకండి

అన్నా, ఏప్రిల్‌లో అలాస్కా కోడియాక్ దీవిలో గోధుమ ఎలుగు వేటకని చేయించుకున్న డబుల్ రైఫిల్ (పక్కపక్కనే రెండు గొట్టాలుండే తుపాకీ, 470 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే పెద్ద తూటాది), 50 గజాల్లో కుడి గొట్టం తూటా కుడికి, ఎడమది ఎడమకి నాలుగేసి అంగుళాలు పోతోందన్నారు. చేసినాయనకి అప్పుడే తిప్పి పంపకండి. నా అనుమానం మీరు ఇంట్లో నింపుకున్న తూటాల మీదే.

ఈ గొట్టాలు సమాంతరంగా ఉండవు, మూతి వైపు దగ్గరవుతాయి. కుడిది పేలితే తుపాకీ పైకీ, కుడికీ తన్నుతుంది. ఆ కదలికని లెక్కేసుకునే రెండిటినీ అతికిస్తారు. తూటా నెమ్మదైతే గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఈలోగా మూతి ఇంకాస్త బయటికి తిరుగుతుంది. అదే మీ నాలుగు అంగుళాలు! వేగం ఎక్కువైతే దీనికి తిరగబడి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి పోతాయి.

తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టండి. దీని పాత ప్రమాణం 500 గ్రెయిన్ల (దాదాపు 32 గ్రాముల) తూటా, సెకనుకి 2150 అడుగులు. మీ తుపాకీని ఏ లోడ్‌తో (ఏ తూటా, ఎంత పౌడర్) సరిచేశారో మేకర్‌ని అడిగి, ఆ వేగం వచ్చేదాకా పౌడర్ అర గ్రెయిన్ చొప్పున పెంచండి, తూటాలు నింపే మాన్యువల్‌లోని గరిష్ఠం దాటకుండా. గొట్టాల్ని ఇసుక సంచి మీద ఆనించొద్దు, మధ్యలో మీ చెయ్యి ఉండాలి.

మీ టెక్సాస్ ఎండలో కుదిరిన లోడ్ అలాస్కా చలిలో మళ్లీ నెమ్మదిస్తుంది. చల్లటి పొద్దున ఇంకోసారి చూసుకోండి.

అన్నట్టు, అలాస్కా బయటివాళ్లకి గోధుమ ఎలుగు వేటలో లైసెన్సున్న గైడ్, లేదా అక్కడే ఉండే దగ్గరి బంధువు తప్పనిసరి. అమెరికాలో స్థిరనివాసం లేని విదేశీయులకైతే గైడే కావాలి.