వాడికి కాదు, ముందు మీవారికి చెప్పండి

ప్రశ్న: మాది ఖమ్మం. మావారికి ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఏడాదికి ఖర్చులు పోను 15 లక్షలకు తగ్గదు. మా అబ్బాయికి ఎప్‌సెట్‌లో ర్యాంకు కాస్త వెనక వచ్చింది. మావారు తెలిసినవాళ్లను పట్టుకుని, ఆదాయం 6 లక్షలేనని రాయించి ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) సర్టిఫికెట్ తెచ్చారు. వీడేమో ‘ఆ సీటు నాకొద్దు’ అని భీష్మించుకు కూర్చున్నాడు. కొన్ని సందర్భాల్లో బొంకినా పాపం లేదనే ‘వారిజాక్షులందు’ పద్యం చదివి మావారు చెప్పినా వినలేదు. వారం నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఆ కాగితం ఇంటికొచ్చిన రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. కానీ ఆయనకు ఎదురుచెప్పే అలవాటు నాకు లేదు. అందరూ చేస్తున్నదే కదా, వీడి చాదస్తం ఎలా వదిలించాలి?

జవాబు: అమ్మా, వదిలించాల్సిందేమీ లేదు. మీరు అడిగినదానికి నా జవాబు ఇంతే.

మా అమ్మమ్మ కడిగిన గిన్నెనే మళ్లీ మళ్లీ కడిగేది. అది చాదస్తం. దానివల్ల ఇంటిల్లిపాదికీ విసుగే తప్ప ఎవరికీ ఒరిగింది లేదు. సెలవుల్లో షాపు లెక్కలు రాసే ఉంటాడు మీవాడు, రాయకపోయినా ఆ ఇంట్లో పెరిగినవాడికి రాబడి తెలియదా? తెలిసి తెలిసి 6 లక్షలన్న కాగితం పట్టుకెళ్లడానికి వాడికి మనసొప్పట్లేదు. ఎవరికీ నీతులు చెప్పడం లేదు, తనకు రాబోయే సీటు తనే వద్దంటున్నాడు. పద్దెనిమిదేళ్లకే అంత చేయగలిగిన పిల్లాణ్ణి చూసి నాకైతే కళ్లు చెమర్చాయి.

మీవారు చదివిన పద్యం పోతన భాగవతంలోది. ఇచ్చిన మాట తప్పమని బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పినది. బలి వినలేదు, సర్వస్వం పోతుందని తెలిసీ దానం ధారపోశాడు. ఆ కథ చివరిదాకా చదివి ఉంటే ఆయన దాన్ని కొడుకు మీద వాడేవారు కాదు.

2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈ 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా, వేరే రిజర్వేషన్ లేక, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయంతో నెట్టుకొచ్చే కుటుంబాలకు. చిన్న ఊరి గుళ్లో అర్చకత్వం చేసుకునే ఇంటి పిల్లాడు మీవాడి వెనకే ఆ వరుసలో ఉండొచ్చు. అబద్ధమని తేలితే సర్టిఫికెట్టూ సీటూ రెండూ పోతాయి, కేసూ అవుతుంది. అయినా మీవాడు ఆగింది కేసుకు భయపడి కాదు, అందుకే ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను.

మీ ఉత్తరంలో నన్ను కదిలించింది మీకు నిద్ర పట్టలేదన్న మాట. కొడుక్కి వచ్చిన ఆ గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడే తెలిసిపోయింది. మీకూ మనసొప్పలేదు. వాడు పైకి అన్నాడు, మీరు దిగమింగుకున్నారు. ఇప్పుడు ఆయన్ను ఏమీ అనలేక, అనగలిగిన వాడి నోరు మూయించే దారి నన్నడుగుతున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చేసింది తప్పనిపించినప్పుడు ఒక్కసారైనా ఆ మాట అన్నారా? భర్త తప్పుదారిన పోతుంటే చూస్తూ ఊరుకోవడాన్ని గౌరవం అనుకోకండి. నేనైతే దాన్ని నిర్లక్ష్యమే అంటాను. ఆయన చెడ్డవారని నేననడం లేదు. కొడుకు మీద బెంగతో చేశారు. ఆ బెంగ మీతో పంచుకుని ఉంటే ఈ కాగితం దాకా వచ్చేదే కాదేమో.

ఫీజు కట్టే స్తోమత మీకుంది. ఓపెన్‌లో ఏ కాలేజీ వస్తే ఆ కాలేజీకి పంపండి, లేదంటే ఇంకో ఏడాది చదవనివ్వండి. ఈ రాత్రి షాపు కట్టేసి ఆయన భోజనం ముగించాక, ఇద్దరే ఉన్నప్పుడు, ‘ఈ కాగితం నాకు నచ్చలేదండీ’ అనండి. కేకలేస్తే వేయనివ్వండి, మీరు లేచి వెళ్లకండి. పొద్దున్నే వాణ్ణి పిలిచి, ఆయన ముందే, ‘నువ్వన్నదే నిజంరా’ అని చెప్పి టిఫిన్ పెట్టండి. వెబ్ ఆప్షన్లు పెట్టేలోగా ఈ పని అయిపోవాలి.