ఇన్ఫెక్షన్ మాత్ర మొదలుపెట్టాక మడమ వెనక నొప్పి.. నడక వల్లేనా?

ప్రశ్న: నా వయసు 63. రెండేళ్ల కిందట మూత్రంలో మంట వస్తే డాక్టర్ గారు సిప్రోఫ్లాక్సాసిన్ 500 మాత్రలు రాశారు. వారంలో తగ్గిపోయింది. ఇప్పుడు మళ్లీ అదే మంట రావడంతో పాత చీటీ చూపించి అవే మాత్రలు తెచ్చుకున్నాను. రోజుకు రెండు వేసుకుంటున్నాను, ఇవాళ ఐదో రోజు. మంట కాస్త తగ్గింది కానీ మాత్ర పడగానే కడుపులో తిప్పుతోంది. పాలతో వేసుకోవచ్చా? గ్యాస్‌కు తాగే తెల్ల మందు దీంతో పాటు వాడొచ్చా? షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. ఆయాసం ఎక్కువైందని మూడు వారాలుగా ప్రెడ్నిసోలోన్ కూడా ఇస్తున్నారు. రెండు రోజులుగా కుడి మడమ వెనక నొప్పిగా ఉంది, నడక ఎక్కువైనట్టుంది. యాంటీబయాటిక్ మధ్యలో ఆపకూడదంటారు కదా, ఏడు రోజులూ పూర్తి చేద్దామనుకుంటున్నాను.
- ఒక పాఠకుడు

జవాబు: పాల సంగతి చివర్లో చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది మడమ నొప్పి. మీరు దాన్ని నడక ఖాతాలో వేసేశారు. నేనైతే అంత తేలిగ్గా వేయను.

సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ అన్నీ ఒకే కుటుంబం మందులు. వీటిని ఫ్లోరోక్వినలోన్లు అంటాం. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి తాడులాంటి భాగాన్ని టెండన్ అంటారు. చాలామంది దాన్నే 'నరం' అనేస్తారు, నిజానికి నరానికీ దానికీ సంబంధం లేదు. ఈ మందులు కొద్దిమందిలో ఆ టెండన్‌ను వాచేలా చేస్తాయి, ఒక్కోసారి తెగేదాకా తీసుకెళ్తాయి. ఎక్కువగా దెబ్బతినేది పిక్క నుంచి మడమకు దిగే అకిలిస్ టెండన్. సరిగ్గా మీరు నొప్పి అంటున్న చోటు అదే. భుజంలో, చేతిలో కూడా రావచ్చు.

ఇది అరుదే. ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో మాకు బాగా తెలుసు: అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకు, కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లకు, కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవాళ్లకు. మీ వయసు 63. ప్రెడ్నిసోలోన్ స్టెరాయిడే. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీ ఎలా ఉందో కూడా చూడాలి, ఈమధ్య క్రియాటినిన్ పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. కొందరికి మందు మొదలుపెట్టిన 48 గంటల్లోనే నొప్పి వస్తుంది, కొందరికి మందు ఆపేసిన కొన్ని నెలలకు వస్తుంది. మీకు మూడో రోజునో నాలుగో రోజునో మొదలైంది. నడకే కారణం అయ్యుండొచ్చు. మిమ్మల్ని చూడకుండా ఫలానా అని తేల్చి చెప్పలేను. కానీ ఈ పరిస్థితిలో ముందు మందునే అనుమానించాలి.

కాబట్టి తర్వాతి మాత్ర వేసుకోకండి. ఇవాళే డాక్టర్‌కు చూపించుకోండి. వారాంతం గడిచాక చూద్దాం అనుకోకండి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి, రావడం న్యాయమే. కోర్సు మధ్యలో ఆపొద్దని ఏళ్ల తరబడి చెబుతున్నది మేమే కదా! ఆ మాట 'తగ్గిపోయింది కదా' అని తమంతట తామే ఆపేసేవాళ్ల కోసం. మందు వల్ల హాని జరుగుతోందని అనుమానం వచ్చినప్పుడు అది వర్తించదు. అలాగని ఇన్ఫెక్షన్‌ను గాలికి వదిలేయమనీ కాదు. మీ డాక్టర్ ఈ మాత్రను ఆపి, అవసరమైతే వేరే రకం యాంటీబయాటిక్ ఇస్తారు. సిప్రో ఆపి లీవోఫ్లాక్సాసిన్‌కు మారడం మాత్రం మార్పు కిందకి రాదు, అదీ ఈ కుటుంబానిదే. ఆ సంగతి గుర్తుంచుకుని, 'ఈ రకం మందుతో నాకు మడమ నొప్పి వచ్చింది' అని ఇకమీదట ఏ డాక్టర్ దగ్గరకు వెళ్లినా చెప్పండి.

డాక్టర్ చూసేదాకా ఆ కాలికి విశ్రాంతి ఇవ్వండి. వాకింగ్ మానేయండి. మునివేళ్ల మీద నిలబడకండి, పరుగెత్తకండి, బరువులు ఎత్తకండి. మసాజ్ వద్దు. సాగదీసే వ్యాయామాలు అసలు వద్దు. నొప్పి ఉన్నచోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోకండి, అకిలిస్ టెండన్‌లో అది పరిస్థితిని ఇంకా పాడుచేయగలదు. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మీ అంతట మీరు మింగకండి. కిడ్నీ మీద భారం, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు పడే ప్రమాదం, పైగా ఈ యాంటీబయాటిక్‌తో కలిస్తే ఫిట్స్ అవకాశం కొంత పెరుగుతుందన్న హెచ్చరిక ఉంది. కాలేయ సమస్య లేకపోతే తగిన మోతాదులో పారాసెటమాల్ చాలు.

మడమ వెనక 'టప్' మని చప్పుడైనట్టు అనిపించినా, ఎవరో వెనక నుంచి తన్నినట్టు అనిపించినా (టెండన్ తెగినవాళ్లు దాదాపు ఇదే మాట చెబుతారు), ఆ కాలి మీద మడమ ఎత్తి నిలబడలేకపోయినా, అక్కడ కమిలినట్టు నల్లబడినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టి పిక్కను నొక్కి చూస్తారు. టెండన్ బాగుంటే పాదం కదులుతుంది. తెగితే కదలదు. అర నిమిషం పరీక్ష అది.

ఇంకో ముఖ్యమైన మాట. స్టెరాయిడ్ వల్ల ప్రమాదం పెరిగిందని చెప్పాను కదా అని ప్రెడ్నిసోలోన్ ఇవాళే ఆపేయకండి. ఇలాంటి సలహాలు చదివి ఆపేసి, కళ్లు తిరిగి పడిపోయి వచ్చినవాళ్లను చూశాను. మూడు వారాలు వాడాక శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోవచ్చు, ఆయాసం మళ్లీ ఎగదన్నొచ్చు. దాన్ని ఎప్పుడు, ఎంతెంత తగ్గించాలో రాసిన డాక్టరే చెప్పాలి.

ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న మాత్ర ఏదైనా వాడుతున్నారా? మీరు రాయలేదు. వాడుతుంటే మాత్రం మీ కడుపులో తిప్పడాన్ని నేను గ్యాస్ అనుకోను. సిప్రోఫ్లాక్సాసిన్ వల్ల థియోఫిలిన్ శరీరం నుంచి త్వరగా బయటికి పోదు, రక్తంలో పేరుకుపోతుంది. మొదట వికారం, వాంతులు, తర్వాత గుండె దడ, వణుకు, మరీ ఎక్కువైతే ఫిట్స్. కాబట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్‌తో సహా వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. పేర్లు గుర్తుపెట్టుకుని చెబుతాను అంటే కుదరదు. కండరాల నొప్పికి ఇచ్చే టిజానిడిన్ అయితే సిప్రోతో కలిపి అసలు వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు ఈ మాత్ర ఇస్తే రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్ష త్వరగా, మళ్లీ మళ్లీ చేయించాలి.

షుగర్ గురించీ చెప్పాలి. గ్లిమెపిరైడ్‌తో ఈ కుటుంబం మందులు కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మరోపక్క ప్రెడ్నిసోలోన్ పెంచుతుంది. రెండూ కలిసి మీటర్‌లో అంకెలు అటూ ఇటూ ఊగుతుంటాయి. చెమటలు, వణుకు, ఉన్నట్టుండి తికమక వస్తే వెంటనే పరీక్షించండి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. మాత్ర ఆపాక కూడా రెండు మూడు రోజులు షుగర్ తరచూ చూసుకోవడం మంచిది.

మిగతావి క్లుప్తంగా. అరికాళ్లలో, చేతుల్లో మంట, తిమ్మిరి కొత్తగా వస్తే అది నరాల మీద ప్రభావం కావచ్చు, షుగర్ వల్లేనని సరిపెట్టుకోకండి. నిద్ర పట్టకపోవడం, విపరీతమైన ఆందోళన, లేనివి కనిపించడం లాంటివి వస్తే ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఎండలో చర్మం త్వరగా కమిలిపోతుంది. ఛాతీలో, వీపులో, పొట్టలో ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వస్తే ఒక్క క్షణం ఆలస్యం చేయొద్దు, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం మీద ఈ మందుల ప్రభావం గురించి 2018 చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. నీళ్ల విరేచనాలు ఎక్కువైనా, రక్తం పడినా విరేచనాలు ఆపే మాత్రలు వేసుకోకుండా డాక్టర్‌కు చెప్పండి. యాంటీబయాటిక్ మానేసిన రెండు నెలలకు కూడా ఇలా రావచ్చు.

ఇక అసలు కోపం వచ్చిన విషయం. పాత చీటీ. రెండేళ్ల కిందట ఆ డాక్టర్ రాసింది తప్పని నేను అనను. మగవాళ్లలో మూత్రం ఇన్ఫెక్షన్ వస్తే ప్రొస్టేట్‌ను (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కూడా దృష్టిలో పెట్టుకోవాలి, సిప్రోఫ్లాక్సాసిన్ ప్రొస్టేట్‌లోకి బాగా వెళ్తుంది. ఆ రోజున అది సరైన ఎంపికే కావచ్చు. కానీ ఆ చీటీ 61 ఏళ్ల మనిషికి రాసింది. ప్రెడ్నిసోలోన్ వాడని మనిషికి రాసింది. అప్పటి కిడ్నీ, అప్పటి క్రిమి. ఈ రెండేళ్లలో మీలో ఏం మారిందో ఆ కాగితానికి తెలియదు. దాన్ని చూసి మందు ఇచ్చినవాళ్లు కూడా 'ఇప్పుడు ఇంకేమైనా మందులు వాడుతున్నారా' అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

నేను ఈ విషయంలో కాస్త ఎక్కువ మాట్లాడతానని నా దగ్గరకు వచ్చేవాళ్లు అంటుంటారు. ఏం చేయను, వారంలో ఒక్కరైనా ఇలా వస్తారు. టెండన్ల గురించి ఈ మందుల మీద నల్ల గీతల పెట్టెలో వేసే అతి తీవ్రమైన హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే పెట్టించింది. వేరే మందు ఉన్నప్పుడు మామూలు సైనస్, బ్రాంకైటిస్, చిన్నపాటి మూత్ర ఇన్ఫెక్షన్లకు వీటిని వాడొద్దని 2016లో అదే సంస్థ చెప్పింది. 2024 జనవరిలో బ్రిటన్ నియంత్రణ సంస్థ ఇంకా గట్టిగా, మిగతా యాంటీబయాటిక్స్ పనికిరానప్పుడే ఇవి ఇవ్వాలంది. ఇంత జాగ్రత్తగా రాయాల్సిన మందును మనం జలుబు మాత్రలా తెచ్చుకుంటున్నాం. మీకు మంట 'కాస్త' తగ్గింది అన్నారు. ఐదు రోజులకు పూర్తిగా తగ్గలేదంటే క్రిమి ఈ మందుకు లొంగడం లేదేమో, ప్రొస్టేట్ వాచిందేమో, రాయి ఉందేమో. మందు మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో పెంచి చూసే పరీక్ష) ఇచ్చి ఉంటే ఇప్పుడు ఇన్ని అనుమానాలు ఉండేవి కావు. ఇప్పుడైనా ఇవ్వండి, ఐదు రోజులు మాత్ర వేసుకున్నానని ల్యాబ్‌లోనూ డాక్టర్‌కూ చెప్పండి, ఎందుకంటే మందు పడ్డాక క్రిమి పెరగకపోవచ్చు, రిపోర్టు మోసం చేస్తుంది.

మీకు జ్వరం ఉందా? చలి వణుకు, నడుము పక్కల నొప్పి, మూత్రం ఆగిపోవడం? ఇవి కూడా రాయలేదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, షుగర్, స్టెరాయిడ్ రెండూ ఉన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది. ఎవరో చెప్పారని నైట్రోఫురంటోయిన్ తెచ్చుకుని మొదలుపెట్టకండి. మంచి మందే, కానీ ప్రొస్టేట్‌లోకి సరిగా వెళ్లదు, కిడ్నీ బలహీనంగా ఉంటే సరిపడదు.

ఇప్పుడు మీరు అడిగింది. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతో వేసుకోకూడదు. పాలలోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది, పేగుల్లోంచి రక్తంలోకి సరిగా చేరదు. గ్యాస్‌కు తాగే తెల్ల మందులో సాధారణంగా అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి, వాటితోనూ ఇదే గొడవ. ఐరన్, జింక్, కాల్షియం మాత్రలతోనూ అంతే. వీటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ సిప్రో వేసుకోవాలి. ఈ ఐదు రోజుల్లో తెల్ల మందు ఇప్పటికే కలిపి తాగి ఉంటే, మంట పూర్తిగా తగ్గకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు, ఆ మాటా డాక్టర్‌కు చెప్పండి. కడుపులో తిప్పకుండా ఉండాలంటే ఏదైనా తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవచ్చు. ఇది ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను. మీరు మాత్రం ఆ స్ట్రిప్పులో మిగిలిన మాత్రలు పక్కన పెట్టి, పాత చీటీ కూడా వెంట తీసుకుని బయల్దేరండి.