ఎండోమెట్రియోసిస్ ఉంటే ఎం.ఎస్. వస్తుందా?

ప్రశ్న: నా వయసు 29. ల్యాప్రోస్కోపీలో ఎండోమెట్రియోసిస్ అని తేలింది. ఇది ఉన్నవాళ్లకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్. అనే నరాల జబ్బు) కూడా వస్తుందని చదివి హడలిపోయాను. నెలసరి రోజుల్లో కుడి తొడ వెనక లాగుతుంది, పాదం తిమ్మిరెక్కుతుంది. మెదడుకు ఎమ్మారై తీయించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇప్పుడప్పుడే అక్కర్లేదు. రెండింటికీ సంబంధం ఉన్న మాట నిజమే. 1977 నుంచి 2007 దాకా ఎండోమెట్రియోసిస్‌తో డెన్మార్క్ ఆసుపత్రుల్లో చేరిన 37,661 మంది వివరాలు చూస్తే, ఎం.ఎస్. మిగతా ఆడవాళ్లలో కంటే 30 శాతం దాకా ఎక్కువగా కనిపించింది. శాతాల్లో చెబితే గుండె జారుతుంది కానీ, లెక్క చూడండి: వెయ్యిమందిలో ముగ్గురికి వచ్చే జబ్బు అనుకుంటే, అది నలుగురికి వచ్చినట్టు. పైగా మన దేశంలో ఎం.ఎస్. డెన్మార్క్‌లో కంటే చాలా అరుదు.

ఎండోమెట్రియోసిస్‌లో గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం పొత్తికడుపులో ఎక్కడెక్కడో అతుక్కుంటుంది. దాన్ని చంపాల్సిన ఎన్‌కే కణాలు (ఒంటి రక్షణ కణాల్లో ఒక రకం) మందగిస్తాయి. చెత్తను మింగేసే మాక్రోఫేజ్ కణాలు దాన్ని తినేయకపోగా, కొత్త రక్తనాళాలు పుట్టించి దానికే కొమ్ముకాస్తాయి. ఎం.ఎస్.లో టీ, బీ అనే రక్షణ కణాలు మెదడులో, వెన్నుపాములో నరాల మీది మైలిన్ తొడుగును దెబ్బతీస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-17 వంటి వాపు సంకేతాలు రెండు చోట్లా కనిపిస్తాయి. అయినా ఒకటి రెండోదాన్ని తెచ్చిపెడుతుందని రుజువు కాలేదు. ఎండోమెట్రియోసిస్‌ను ఆటోఇమ్యూన్ జబ్బుగా (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బుగా) లెక్కించరు కూడా.

మీ నొప్పి నెలసరితో వచ్చి పోతోందంటే ముందు అనుమానించాల్సింది తుంటి నరం దగ్గర చేరిన ఎండోమెట్రియోసిస్‌ను, లేదా నడుము డిస్కును. మూడు నెలలు క్యాలెండర్ మీదే రాయండి: తేదీ, రక్తస్రావం, నొప్పి పదికి ఎంత, తిమ్మిరి ఎన్ని గంటలుంది. ఎం.ఎస్. దాడి అయితే 24 గంటలు దాటి, సాధారణంగా రోజులు, వారాలు ఉంటుంది; నెలసరితో దానికి పనిలేదు. తిమ్మిరికి బి12, షుగరు పరీక్షలు ముందు చేయించండి. గైనకాలజిస్టు అడిగితే తీయాల్సింది పొత్తికడుపు ఎమ్మారై. మెదడుకు ఊరికే తీయిస్తే మైగ్రేన్ ఉన్నవాళ్లకూ కనిపించే తెల్ల మచ్చలు బయటపడి కొత్త దిగులు మొదలవుతుంది.

అయితే ఒక కన్ను మసకబారి కదిపితే నొప్పెట్టినా, ఎరుపు వెలిసినట్టు కనిపించినా, మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టున్నా త్వరగా న్యూరాలజిస్టును కలవండి. మూత్రం ఆగిపోయినా, నడుము కింద మొద్దుబారినా ఆ రోజే వెళ్లాలి.

ప్రశ్న: మా అక్కకు రెండు జబ్బులూ ఉన్నాయి. ఎండోమెట్రియోసిస్‌కు డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మి.గ్రా. రోజూ వేసుకుంటుంది. ముఖంలో నరం నొప్పికి కార్బమజెపైన్ మొదలుపెట్టాక కడుపునొప్పి తిరగబెట్టింది. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: కార్బమజెపైన్ కాలేయంలోని ఎంజైములను ఉరకలెత్తిస్తుంది. దాంతో డైనోజెస్ట్ త్వరగా కరిగిపోయి రక్తంలో మోతాదు పడిపోతుంది. మధ్యలో రక్తపు మరకలు కనబడటం, నొప్పి తిరగబెట్టడం అందుకే కావచ్చు. ఎం.ఎస్. నీరసానికి ఇచ్చే మోడాఫినిల్ కూడా కొంత ఇదే పని చేస్తుంది. ఏదీ సొంతంగా ఆపవద్దు. నరాల నొప్పికే వాడే గాబాపెంటిన్‌తో ఈ పేచీ లేదు. గర్భాశయంలో పెట్టే లెవోనార్జెస్ట్రెల్ ఐయూడీ (హార్మోన్ వదిలే చిన్న పరికరం) ప్రభావం ప్రధానంగా అక్కడికక్కడే కాబట్టి దానికీ పెద్దగా అడ్డు రాదు. ఏది నప్పుతుందో డాక్టర్లిద్దరూ తేల్చాలి, అందుకే రెండు చీటీలూ ఇద్దరికీ చూపించండి.

ఇంకో మాట. డైనోజెస్ట్ 2 మి.గ్రా. బిళ్లను గర్భనిరోధక మాత్రగా నమ్ముకోకూడదు. ఎం.ఎస్.కు టెరిఫ్లూనోమైడ్, ఫింగోలిమోడ్ వాడుతుంటే గర్భం రాకుండా వేరే ఏర్పాటు తప్పనిసరి, ఆ మందులు బిడ్డకు హాని చేస్తాయి. ఎండోమెట్రియోసిస్‌కు ల్యుప్రోలైడ్ ఇంజెక్షన్లు, ఎం.ఎస్. దాడికి స్టెరాయిడ్లు రెండూ పడ్డవాళ్ల ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉంది. ఎముకల గట్టిదనం చూసే డెక్సా పరీక్ష అడగండి.

ప్రశ్న: రెండు జబ్బులకూ విటమిన్ డి మంచిదన్నారు. 60,000 యూనిట్ల గుళిక రోజూ వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దు. లోపం ఉన్నవాళ్లకు రాసేది సాధారణంగా వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. చీటీ సరిగా చదవక రోజూ మింగి, కాల్షియం పెరిగి వాంతులతో, మూత్రపిండాలు దెబ్బతిని వచ్చేవాళ్లున్నారు. ముందు రక్తపరీక్ష చేయించి, కోర్సు అయ్యాక మళ్లీ చూడాలి. ఇప్పటికే కొన్నాళ్లుగా రోజూ వేసుకుంటుంటే ఆపేసి, కాల్షియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) పరీక్షలు ఈ వారమే చేయించండి.