ఫ్లెక్సీలు వచ్చాక కూడా నేను కుంచె ఎందుకు పట్టానంటే

చిరంజీవి అమ్మలుకి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. వారం రోజులు ఆఫీసు నుంచి వచ్చి కూర్చుని వేసిన బొమ్మకంటే ఏఐ పది సెకన్లలో ఇచ్చిన బొమ్మే నీ స్నేహితులకి నచ్చిందని, ఇంక ఎందుకు వేయాలో తెలియడం లేదని రాశావు. దాని కిందే, ఉద్యోగం మానేసి పూర్తిగా బొమ్మల్లోకి దిగిపోనా అనీ అడిగావు. ఈ రెండూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయంటే నీ మనసు ఎంత నలుగుతోందో అర్థమైంది. ఫోన్లో అయితే తొందరలో ఏదో ఒకటి అనేస్తాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మిషన్ వచ్చి చేతిలో పని లాక్కుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా. రాజమండ్రిలో ఇరవై ఏళ్లకు పైగా బోర్డులు రాశాను. బట్టల కొట్లు, మందుల షాపులు, ఎలక్షన్లప్పుడు గోడలు, పండగలకి సినిమా బ్యానర్లు. చిన్న ఫోటో మీద గళ్లు కొట్టి, అవే గళ్లు పెద్ద గుడ్డ మీద కొట్టి, ఒక్కో గడిలో ఏముందో చూసుకుంటూ హీరో మొహం వేసేవాళ్లం. ఫ్లెక్సీ మిషన్లు వచ్చిన కొద్ది ఏళ్లలోనే ఆ పనంతా పోయింది. ఒక షాపాయన నేను రాసిన బోర్డు మీదే ఫ్లెక్సీ పెట్టి మేకులు కొట్టించాడు. ఆ మేకులు నా అక్షరాల్లోంచే దిగాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. తర్వాత చాలా నెలలు కుంచె ముట్టుకోలేదు.

మళ్లీ ఎలా మొదలుపెట్టానో చెప్పాలంటే మా గురువుగారి సంగతి చెప్పాలి. పంతొమ్మిదేళ్లప్పుడు ఆయన దగ్గర పనిలో చేరాను. ఒక హోటల్ గోడ మీద గోదావరి వెయ్యమంటే, మంచి నీలం రంగు కలిపి ఏరంతా నింపేశాను. ఆయన చూసి ఏమీ అనలేదు. మర్నాడు తెల్లవారుజామునే నన్ను కోటిలింగాల రేవుకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, "ఇందులో నీ నీలం ఎక్కడుందో వెతుకు" అన్నారు. ఒడ్డు దగ్గర నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. పడవ నీడలో ముదురాకుపచ్చ. సూర్యుడు పైకొస్తుంటే దూరంగా పలచటి ఇత్తడి రంగు. వరదల రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు, ఎర్రమట్టి కలిపినట్టు ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఆ ఏటి పక్కనే ఉన్నవాణ్ణి, ఆ రోజు దాకా దాన్ని చూడనే లేదని తెలిసింది. అప్పట్నుంచి నోటుబుక్కులో రోజుకో పేజీ వేయడం అలవాటైంది.

పని పోయిన ఆ నెలల్లో ఒకరోజు అటక మీంచి ఆ నోటుబుక్కులు దించాను. మా అమ్మ చేట పట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న బొమ్మ కనపడింది. ఆవిడ ఫోటోలు మన ఇంట్లో రెండే ఉన్నాయి, రెండిట్లోనూ పెళ్లిలో నిలబడినట్టు బిగుసుకుని ఉంటుంది. ఆ బొమ్మలో మాత్రం కుడి చేతి చిటికెనవేలు కొంచెం పైకి లేచి ఉంది. అది ఆవిడ అలవాటు. నేనే మర్చిపోయాను. అది వేసిన రోజు నేను అంతసేపు ఆవిడ చేతినే చూశాను కాబట్టి ఆ వేలు అక్కడ మిగిలింది. బోర్డులు షాపులవాళ్ల కోసం రాశాను, వాళ్లకి ఇంకొకటి చవగ్గా దొరికింది, మార్చుకున్నారు. ఈ నోటుబుక్కుతో వాళ్లకి పనేముంది? ఆ సాయంత్రమే పెన్సిల్ చెక్కుకున్నాను.

నీ ఏఐ బొమ్మ గురించి నేను అనుకునేది ఇదే. అది బాగుండొచ్చు. కానీ నువ్వు ఆ వారం రోజులు మీ హాస్టల్ మెట్ల మీద పడే ఎండని చూశావు చూడు, ఆ చూపు దానికి పది సెకన్లు ఇచ్చినవాళ్లకి రాలేదు. నీకొచ్చింది. నీ బొమ్మ నేనూ చూశాను. కింది మూడు మెట్ల దగ్గర నీడ భలే పట్టావు. పైన మాత్రం అలసిపోయి ఫోటో చూసి వేసేశావు, తెలిసిపోతోంది.

అందుకని ముందు చెయ్యాల్సింది రోజుకో పేజీ. ఇరవై నిమిషాలు చాలు. ఖరీదైన కాగితం కొనకు, దాన్ని పాడుచేస్తానేమో అన్న భయంతో చెయ్యి ఆడదు. మామూలు నోటుబుక్కు, మెత్తగా, నల్లగా గీసే ఒక 4బి పెన్సిల్. రబ్బరు ఇంట్లో వదిలెయ్యి. తప్పు గీత పడితే దాని పక్కనే సరైన గీత గియ్యి, రెండూ ఉండనీ. కుర్చీ వేస్తుంటే కాళ్లు గియ్యకు, కాళ్ల మధ్య ఉన్న ఖాళీని గియ్యి, కుర్చీ దానంతటదే నిలబడుతుంది. వెలుగునీడలు తెలియకపోతే కళ్లు సగం మూసి చూడు, చిన్న చిన్న వివరాలు పోయి పెద్ద నీడలు మిగులుతాయి. నీటిరంగుల్లో తెల్లరంగు అంటే కాగితమే, ముందే దాని మీద రంగు పూసేస్తే ఆ తెలుపు తర్వాత తెచ్చుకోవడం చాలా కష్టం. ప్రతి పేజీ కిందా తేదీ వెయ్యి. ఈ పేజీలు ఆన్‌లైన్‌లో పెట్టకు. కనీసం ఒక ఏడాది ఎవరికీ చూపించకు, నాకు కూడా.

ఈసారి వచ్చినప్పుడు నిన్ను చిత్రకారుడు దామెర్ల రామారావుగారి గ్యాలరీకి తీసుకెళ్తాను. ఆయన మన ఊరివాడే, 1897లో పుట్టారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రేగారు ఆయన చేతిలో ఉన్నది గుర్తించి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌లో చదవడానికి దారి చూపించారు. చదువుకుని తిరిగొచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి వచ్చి పోయేనాటికి ఆయనకి 28 కూడా నిండలేదు. ఇప్పుడు నీకు 26. అందరూ ఆయన పెద్ద బొమ్మల ముందు నిలబడతారు. నువ్వు ఆయన పెన్సిల్ బొమ్మల గురించి అడుగు. నూనెరంగుల బొమ్మలకంటే అవి ఎన్నో రెట్లు ఎక్కువ వేశారు.

ఏం వేయాలో తోచడం లేదని కూడా అన్నావు కదా. చిత్రకారుడు తోట వైకుంఠంగారిది కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి. బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ గారంతటి గురువు దగ్గర నేర్చుకున్నారు. అంత దూరం వెళ్లొచ్చాక చివరికి ఆయన చెయ్యి కుదిరింది తన ఊరి ఆడవాళ్ల దగ్గర, వాళ్ల పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల దగ్గర. నువ్వు రోజూ గచ్చిబౌలిలో బస్సు కోసం నిలబడతావు. రాత్రి షిఫ్టు దిగి టీ బండి దగ్గర నిలబడే పిల్లల మొహాలు నాకు తెలియవు, నీకు తెలుసు. ఆదివారం మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లు. ఒక్క బొమ్మ ఎంచుకుని దాని ముందు పావుగంట కూర్చో, మిగతావి ఇంకో వారం చూడొచ్చు.

ఇక ఉద్యోగం. ఇప్పుడే మానెయ్యకు. మీ నాన్న తిడతాడని కాదు. అద్దె కట్టాలన్న టెన్షన్‌లో వేసే బొమ్మ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. చెయ్యి కొనేవాడి మొహం చూస్తూ కదులుతుంది. ఏడాది ఖర్చులకి సరిపడా డబ్బు బ్యాంకులో పడనీ, మూడు నోటుబుక్కులు నిండనీ, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. అప్పుడు మానేస్తానంటే మీ నాన్నతో నేనే మాట్లాడతాను.

అమ్మడం తప్పు కాదు. చుట్టాలకైనా సరే, ఫ్రేముతో సహా ఊరికే ఇచ్చెయ్యకు. ఎగ్జిబిషన్‌లో నీ బొమ్మ పెడతాం, ముందు ఫీజు కట్టమంటే జాగ్రత్త. ఒకాయన నా దగ్గర అలాగే డబ్బు కట్టించుకుని, నాలుగు బొమ్మలూ తీసుకెళ్లాడు. డబ్బు పోతే పోయింది, ఆ బొమ్మలు తిరిగి రాలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందులో ఒకటి మీ పెద్దమ్మ దీపం వెలిగిస్తున్నది. బొమ్మ చేతులు మారేముందు కాగితం మీద రాయించుకో, ఫోటో తీసి పెట్టుకో.

సంక్రాంతికి ఒకరోజు ముందే రా. రేవుకి పొద్దున్న అయిదున్నరకల్లా వెళ్దాం, చలిగా ఉంటుంది, శాలువా తెచ్చుకో. ఆ మెట్ల బొమ్మ కూడా పట్రా. పైభాగం మళ్లీ వేద్దువుగాని, మన పెరటి మెట్ల మీద మూడింటికి అలాంటి ఎండే పడుతుంది.

మీ పెద్దనాన్న