పెలోసీ ఎవరింటి పేరు?

ప్రశ్న: మా కోడలు పెళ్లయ్యాక కూడా పుట్టింటివారి ఇంటిపేరే రాసుకుంటోంది. అదేమిటమ్మా అంటే, "అమెరికాలో అన్నేళ్లు పార్టీని నడిపిన నాన్సీ పెలోసీది కూడా పుట్టింటి పేరే అత్తయ్యా" అంటోంది. నిజమేనా?
- ఒక అత్తగారు, టి.నగర్, చెన్నై

జవాబు: కాదండీ, అది అత్తవారి పేరే. పుట్టింటివారు డలెసాండ్రోలు. 1963లో పాల్ పెలోసీని పెళ్లాడాక పేరు మారింది. ఈ మాట పట్టుకుని అప్పుడే వంటింట్లోకి వెళ్లకండి, మిగతాది కూడా వినండి.

ఆవిడకు రాజకీయం అబ్బింది మాత్రం పుట్టింట్లోనే. 1940లో బాల్టిమోర్‌లో పుట్టేనాటికే తండ్రి థామస్ ప్రతినిధుల సభ (మన లోక్‌సభ లాంటిది) సభ్యుడు. తర్వాత 1947 నుంచి 1959 దాకా ఆ ఊరికి మేయరు. అన్నగారూ మేయరుగా చేసినవారే. ఇటాలియన్ల పేటలోని ఆ ఇంటికి సాయం కోరి వచ్చేవాళ్లు వస్తూనే ఉండేవారు. ఎవరికి ఏ పని కావాలో, ఎవరికి ఏం చేసిపెట్టారో కాగితాల మీద రాసి దాచేవారు. ఆ రాతకోతల్లో పిల్లలదీ ఒక చెయ్యి. ఒక్కో ఓటూ లెక్కగట్టే విద్య అక్కడే వంటబట్టిందని నా నమ్మకం. 2010లో ఒబామా ఆరోగ్య బీమా బిల్లుకు సొంత పార్టీలోనే 34 మంది ఎదురుతిరిగినా, 219-212తో గట్టెక్కించారు. 2003 నుంచి 2023 ఆరంభం దాకా సభలో డెమోక్రాట్ల నాయకత్వం ఆవిడదే. అందులో రెండు విడతలు స్పీకరు, ఆ కుర్చీ ఎక్కిన మొదటి మహిళ.

అత్తింటి పేరుకూ పలుకుబడి లేకపోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బావగారు రాన్ పెలోసీ నగర పాలక మండలి సభ్యుడుగా చేసినవారే. అయినా ఆవిడ తొలిసారి సభకు నెగ్గింది 1987లో, అయిదుగురు పిల్లల్ని పెంచాక, 47వ ఏట.

అయినా ఇంటిపేరు కోసం చెన్నైలో తగాదా ఏమిటండీ? మీ పేటకు పేరిచ్చిన మన తెలుగాయన పిట్టి త్యాగరాయ శెట్టి. బోర్డు మీద "పిట్టి" ఎప్పుడో ఎగిరిపోయింది, త్యాగరాయ ఒక్క "టి" అయి కూర్చున్నాడు. ఆయన తెలుగువాడని పాండీబజారులో నలుగుర్ని అడిగి చూడండి, ఎందరు చెబుతారో!

మీ కోడలి పట్టాలు, పాస్‌పోర్టు ఏ పేరుతో ఉంటే ఆ పేరే ఉండనివ్వండి. పెళ్లయితే పేరు మార్చుకుని తీరాలని మన చట్టం ఎక్కడా అనదు.