చియాంగ్ మై వెళ్తున్నారా? లాంతర్ల టికెట్టు కన్నా నది ఒడ్డే మేలు

నవంబరులో స్నేహితులతో ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మై వెళ్లి, నీళ్లలో దీపాలు వదిలే లోయ్ క్రతోంగ్, ఆకాశంలోకి లాంతర్లు ఎగరేసే యీ పెంగ్ పండుగలు చూడాలనుకుంటున్నామని, వందలాది లాంతర్లు ఒకేసారి ఎగరేసే కార్యక్రమానికి టికెట్టు కొనాలా అని అడిగారు. నా మాట వింటే కొనకండి. మా బృందంలో ఇద్దరు కొని వెళ్లారు. దృశ్యం అద్భుతమేనట, కానీ అది జరిగేది ఊరి బయట. బస్సుల కోసం ఎదురుచూడటంతోనే వారి సాయంత్రం చాలావరకు గడిచిపోయింది. మిగతావాళ్లం ఊళ్లోని పింగ్ నది దగ్గరే ఉండిపోయాం. పండుగ అక్కడే ఉంది, చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఈ పండుగ థాయ్ చాంద్రమానంలో పన్నెండో నెల పున్నమికి వస్తుంది. చాలా ఏళ్లు మన కార్తీక పౌర్ణమీ అదే రోజు పడుతుంది. 2025లో రెండూ నవంబరు 5నే. కార్తీకంలో అరటి దొప్పల్లో దీపాలు వదలడం చూస్తూ పెరిగినవారికి అక్కడ వివరించి చెప్పాల్సింది పెద్దగా ఉండదు. వాళ్లూ గంగమ్మకే మొక్కుతారు, ఫ్రా మే ఖోంఖా అంటారు. నీళ్లు వాడుకున్నందుకు, మైల చేసినందుకు మన్నించమని వేడుకుంటారు.

నదిలో వదిలే దీపపు దొప్పను క్రతోంగ్ అంటారు, దాన్ని కొనేయకుండా మీరే తయారు చేయండి. పగటిపూట కొన్ని గుళ్లలో, బజారులో నేర్పిస్తారు. మాకు నేర్పిన పెద్దావిడకు మన భాష రాదు, మాకు ఆవిడ భాష రాదు. అరటి బోదెను రెండు వేళ్ల మందాన చక్రంలా కోసి ఇచ్చారు. ఆకు చీలికను కోణంగా మడిచి, కొస పట్టుకుని, అంచుకు గుండుసూదితో గుచ్చాలి. నా మడతలు ఊడిపోతుంటే ఆవిడ నా వేలు పట్టుకుని సరైన చోట నొక్కించారు. చుట్టూ బంతిపూలు, మధ్యలో కొవ్వొత్తి, అగరుబత్తులు, ఒక నాణెం. కీడు పోవాలని గోరు ముక్కో, వెంట్రుకో కూడా పెడతారు కొందరు. థర్మోకోల్‌తో చేసినవి మాత్రం వద్దు, అవి నదిలోనే మిగిలిపోతాయి.

లాంతర్లను ఊళ్లో ఎక్కడపడితే అక్కడ ఎగరేయకూడదు. పాత నగరంలో వాట్ ఫాన్ తావ్ లాంటి టేకు చెక్క గుళ్లున్నాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ గుడి ఆవరణలో దీపాల అలంకరణ చూడండి. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోండి.

బస పాత నగరపు తూర్పు ద్వారమైన థా ఫే గేటుకు నడిచివెళ్లేంత దూరంలో ఉండాలి, కొన్ని నెలల ముందే తీసుకోండి. సాయంత్రం పింగ్ నది మీది నవరత్ వంతెన చుట్టుపక్కల ట్రాఫిక్ కదలదు, గుంపులో ఫోను సంకేతాలూ సరిగా అందవు. కాబట్టి విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. లాంతర్ల కారణంగా ఆ రాత్రుల్లో కొన్ని విమానాలు రద్దవుతాయి, వేళలు మారతాయి. తిరుగు ప్రయాణం పండుగ రాత్రికి పెట్టుకోకండి.