హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మామూలు క్రిములే ఎందుకు జబ్బు చేస్తాయి?

హెచ్‌ఐవీ రక్తంలోని సీడీ4 అనే రక్షణ కణాలను చంపేస్తుంది కాబట్టి, మిగతావాళ్ల ఒంట్లో ఊరికే పడి ఉండే క్రిములు కూడా వీళ్లలో విజృంభిస్తాయి. వీటినే అవకాశవాద ఇన్‌ఫెక్షన్లు అంటారు.

ఏ క్రిమి మీద పడాలో తక్కిన రక్షణ కణాలకు చెప్పేవి సీడీ4 కణాలే. మామూలుగా ఒక క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో 500కు పైగా ఉంటాయి. 200 కంటే తగ్గితే ముప్పు బాగా పెరుగుతుంది. టీబీ మాత్రం అంతదాకా ఆగదు, ముందే రావచ్చు.

కాండిడా అనే ఫంగస్‌నే చూడండి. చాలామంది నోట్లో ఉండేదే. కాపలా తగ్గగానే నాలుక మీద మీగడ తరకల్లా తెల్లగా పేరుకుంటుంది. గీకితే కింద ఎర్రగా కనిపిస్తుంది. అన్నవాహికలోకి పాకితే మెత్తటి రాగిసంగటి ముద్ద కూడా దిగడం కష్టమే.

‘ఇలాంటిది వచ్చిందంటే ఇక అయిపోయినట్టే’ అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ భయంతోనే కొందరు ఆసుపత్రి గడప తొక్కరు. ఈ జబ్బుల్లో చాలావాటికి మందులున్నాయి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు రోజూ తప్పకుండా వేసుకుంటే చాలామందిలో సీడీ4 మళ్లీ పెరుగుతుంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది, మందులు ఉచితం. దగ్గు మొదలైతే మాత్రం రెండు వారాలు చూద్దామని ఆగకుండా వెంటనే టీబీ పరీక్ష చేయించుకోవాలి.